బిందె ఎత్తు వంతెన

"అమ్మమ్మా, నీకేం, హాయిగా అరుగు మీద కూర్చుంటావు. హైదరాబాద్‌లో మా హాస్టల్ ముందు మెట్రో పని నడుస్తోంది. రెండేళ్లుగా దుమ్ము, చప్పుడు, రోడ్డుకడ్డంగా రేకులు. అవతలికెళ్లాలంటే అర కిలోమీటరు చుట్టు తిరగాలి. నువ్వెప్పుడైనా ఇలాంటి బాధ పడ్డావా?"

పడ్డానా అని అడుగుతావేటే! ఒలే గుంటా, ఇలా కూకో ముందు. ఆ ఫోను నా మూతి కాడ ఎట్టకు, పక్కన ఎట్టు, అదే ఇంటాది. మెట్రో అంటే గాల్లో ఎల్లీ రైలే కదేటి? టీవీలో సూసినాను. మాది నేల మీద రైలు. ఏ రైలైనా దుమ్ము దుమ్మే, సప్పుడు సప్పుడే. నాను పడ్డం ఓ లెక్కా, మీ అమ్మ ఆ దుమ్ములోనే పుట్టినాది. సెప్పలేదా నీకు? సెప్పదు. అదిప్పుడు బేంకీ ఆపీసరమ్మ కదా, రైలు కట్ట మీద పుట్టినానంటే నామోసీ దానికి.

అప్పుడికి నాకు పెల్లయి మూడేల్లు. అరవై ఏడో, ఎనిమిదో... ఏడే గావాల. రూపాయి ఎట్టినా కిలో మంచి బియ్యం దొరక్క సోడి అంబలి, మీ రాగిజావే, తాగీ రోజులు, అది గురుతు. మా కన్నోరిది కోటబొమ్మాలి అవతల పల్లి. పెల్లయి, రైల్లో ఇజీనారం దిగినాను. నాను రైలెక్కడం అదే మొదలు. మీ తాత జూటుమిల్లులో పని. మంచోడు, నోట్లో నాలిక నేనోడు. ఇంటికి పెద్ద మా అత్త, సూరమ్మ. మనిషి తాటి దూలం. నోరా, ఓలమ్మో, ఆవిడ ఈది మొగలో మాటాడితే టేసన్ల టిక్కట్లిచ్చీవోడికి ఇనపడీది.

ఈది ఇదే, మన సున్నపీదే. అప్పుడిన్ని మేడల్నేవు. తాటాకిల్లు, నాలుగు పెంకుటిల్లు, అంతే. మన ఈదికీ ఊరికీ మద్దిన రైలు కట్ట. అప్పుడు ఒకటే లైను, వొచ్చీ బండీ దాని మీదే, పోయీ బండీ దాని మీదే. కట్ట కింద ఓ గెడ్డ పారీది. గెడ్డంటే ఏదో పెద్ద నదనుకోకు, వానాకాలం మోకాల్లోతు నీల్లు, ఎండాకాలం ఇసక. ఆ గెడ్డ మీద లైనుకి ఇనప దూలాల వంతెన, సిన్నది. దాని కింద నుంచే మా దారి. బజారు అవతల, మిల్లు అవతల, పెద్దాసుపత్రి అవతల. తియ్యనీల్ల నుయ్యి కూడా అవతలే. ఇవతల ఏటున్నాది? మేమూ, మా మేకలూ. ఈదిలో ఓ నుయ్యి ఉన్నాది గానీ ఉప్పన, ఆ నీల్లతో పప్పు ఉడకదు. అందుకని తెల్లారగానే ఆడోల్లందరం బిందెలెత్తుకొని వంతెన కింద నుంచి ఎల్లీవోల్లం. పైన రైలు, కింద మేం. బొగ్గునుసి రాలీది. నీల్లలో పడకుండా బిందె మూతికి గుడ్డ కట్టీవోల్లం.

ఏటి సెప్తన్నాను... ఆఁ, రెండో లైను. ఓ రోజు టోపీలెట్టుకున్నోల్లు వొచ్చినారు. ఎర్ర తెలుపు రంగులేసిన కర్రలు, మూడు కాల్ల దుర్బీను, ఇనప గొలుసులు. మా పెరట్లోంచి గొలుసు లాగీసి, ఓ పెద్ద మేకు కొట్టీసి, దాని నెత్తిన ఎర్ర రంగు పూసీసి ఎల్లిపోనారు. మా అత్త ఏటి సేసినాదనుకున్నావు? మేకని కట్టీసినాది దానికి! 'మంచోల్లు, అడక్కుండానే గుంజ పాతినారు' అని. రెండు రోజులకి ఆ మేక మేకు పీకీసి, ఈదంతా ఈడ్సుకుపోనాది. వారం పోయాక సర్వే బాబు మల్లీ వొచ్చినాడు. పెరడంతా ఎతుకుతన్నాడు. 'ఏమ్మా, ఇక్కడ మేకుండాలే?' అన్నాడు. అత్త, 'ఉన్నాది బాబూ, పాలు మాత్రం ఇవ్వదు, ఒట్టిపోనాది' అన్నాది. నాను తలుపెనకాల నిలబడి నోట్లో కొంగు కుక్కుకున్నాను, నవ్వాగక.

నవ్వుకున్నాం గానీ, ఆ మేకు కాడికి మా పెరడు పోనాది. మూడు బారల మేర. మునగ సెట్టు ఉండీది, కాపు కాసీది, కొట్టీసినారు. అత్త ఆ రోజు అన్నం తిననేదు. రైలోల్లు ఏదో ఇచ్చినార్లే, ఇవ్వలేదని కాదు. సెట్టు సెట్టే కదా.

ఆ తరవాత కూలోల్లు దిగినారు. మన పక్కోల్లు కాదు, పాలమూరు నుంచంట. మగోల్లూ ఆడోల్లూ పిల్లలూ, గాడిదలూ. మట్టి తవ్వీది మగోల్లు, తట్టలెత్తీది ఆడోల్లు, గాడిదల మీద కూడా మట్టే. లైను పక్కన గుడిసెలేసుకున్నారు. ఈదిలో అందరికీ జడుపు. ఎవులో ఏటో తెల్దు, గుమ్మంలోకి రానీకండని మా అత్త సెప్పీసినాది.

ఓ మద్దినేల గుమ్మం కాడ ఓ మనిషి నిలబడి, 'అక్కా, జర మంచినీళ్లు పోస్తవా?' అన్నాది. నల్లగా, బలంగా ఉన్నాది, ఒల్లంతా ఎర్రమట్టి. 'జొరమా? ఎవులికి జొరం?' అన్నాను నాను. 'జర, జర' అంటాది ఆవిడ. నాను లోపలికి లగెత్తి, 'అత్తా, కూలోల్ల మనిషికి జొరమంట' అన్నాను. మా అత్తకి నోరు పెద్దది గానీ మనసు ఎన్న. రానీకండన్న మనిషే లేసి మిరియాలూ సొంటీ దంచి కసాయం కాసీసినాది. సేతిలో గ్లాసెట్టి, 'తాగీసి పోయి తొంగో' అన్నాది. ఆవిడ ఓ గుటక మింగి, కల్లంట నీల్లు కారతన్నా, మాట కాదన్నేక మొత్తం తాగీసినాది పాపం. తాగీసి, 'ఇగ నీళ్లు పోస్తవా?' అన్నాది. అప్పుడు తెలిసినాది, ఆల్లకి జర అంటే కూసింత అని అంట. అత్తా నానూ ఆవిడా, ముగ్గురం గుమ్మంలో కూకుండిపోయి నవ్వినాం.

ఆవిడ పేరు ఎల్లమ్మ. నాకన్నా ఓ నాలుగేల్లు పెద్దది. మొగుడు పోనాడు, ఇద్దరు ఆడపిల్లల్ని ఊల్లో అమ్మ కాడ ఒగ్గీసి వొచ్చినాది. ఆ రోజు నుంచి రోజూ మద్దినేల వొచ్చీది. నాను తరవాణి, అదే పులిసిన గంజి నీల్లు, పోసీదాన్ని, నంజుకోడానికి ఉల్లిపాయ ఇచ్చీదాన్ని. ఆవిడ జొన్నరొట్టి తెచ్చీది. అంత పెద్ద రొట్టి సేత్తో తట్టి సేస్తాది, కర్రతో ఒత్తకుండా! నాకు ఎన్నిసార్లు నేర్పినా రానేదు. నాది ఎప్పుడూ దేశపటంలాగే వొచ్చీది.

దుమ్మంటావా? దుమ్ము సెప్పకు. వొడియాలు ఎండబెడితే మట్టి వొడియాలు. మజ్జిగలో మన్ను, ముక్కులో మన్ను, ఆరేసిన కోక తీస్తే ఎర్ర రంగు. కంకర పోస్తంటే ఇంటి పెంకులు గడగడలాడీవి. గాడిదలు మా బీరపాదు మొత్తం మేసీసినాయి, అత్త కర్రట్టుకొని కట్ట పొడుగునా తరిమినాది. కానీ నిజం సెప్పనా? నాకు బాగుండీది. నవ్వకు. అంతకు ముందు పొద్దంతా ఇంట్లో నానూ, అత్తా, నాలుగు గోడలూ. ఇప్పుడు గుమ్మం తీస్తే జాతర. సాయంత్రం అయితే ఆడోల్లందరం పిల్లల్నెత్తుకొని కట్ట కాడికి పోయి సూసీవోల్లం, ఈ రోజు ఎంత లేసింది, రేపెక్కడికొస్తాది అని. నాకప్పుడు కడుపు. మొదటిసారి పోనాది, ఇది రెండోది. భయం భయంగా ఉండీది. ఎల్లమ్మ వొచ్చి కూకుంటే ఆ భయం కొంచిం తగ్గీది. 'ఏం గాదు చెల్లె, నేను మంది పురుళ్లు జూసిన' అనీది.

కట్ట పెరుగుతా పెరుగుతా గెడ్డ కాడికొచ్చినాది. మేమేటనుకున్నాం? పాత వంతెన పక్కనే దానిలాంటిదే ఇంకోటి కడతారు కదా అనుకున్నాం. ఎవులూ అడగనేదు, ఎవులూ సెప్పనేదు. ఓ రోజు లారీల మీద సిమెంటు తూములొచ్చినాయి. ఎంత లావున్నాయి? కుక్క దూరతాది. మడిసి దూరడు. గెడ్డలో అడ్డంగా రెండు తూములెట్టి, పైన మట్టి పోసీస్తారంట. అంటే మా దారి మూసుకుపోతాది. నీల్లకెల్లాలంటే ఆ పెద్ద కట్టెక్కాలి, రెండు లైన్లు దాటాలి, అవతల దిగాలి. మల్లీ నిండు బిందెతో ఎక్కాలి, దిగాలి. అది కాదంటే రైలు గేటు కాడికెల్లాలి, అర కోసు దూరం.

మీ తాతతో అన్నాను. ఆయన తల గోక్కొని, 'రైలోల్లతో మనకేటే, పెద్దోల్లు ఆల్లు' అన్నాడు. మా అత్త మాత్రం పదిమంది ఆడోల్లని ఎనకేసుకొని, ఆ పని సూసీ ఓర్సీరు బాబు కాడికెల్లినాది. నానూ ఎల్లినాను, పొట్టేసుకొని.

ఓర్సీరు బాబు గోదారి పక్క మనిషి. అప్పుడే ఉజ్జోగంలోకొచ్చినాడు, పెల్లి కానేదు. 'అండీ' నేకుండా మాట రాదు నోట్లోంచి.

'గెడ్డలో ఇప్పుడు నీళ్లెక్కడున్నాయండీ? రెండు తూములు చాలని పైనుంచి కాగితం వచ్చిందండీ. నా చేతిలో ఏం లేదండీ' అన్నాడు.

'నీ సేతిల నేకపోతే ఎవులి సేతిల ఉన్నాది బాబూ?' అన్నాది అత్త.

'పెద్ద ఇంజనీరుగారి చేతిలోనండీ.'

'ఆయనింట్ల ఆడోల్లు నీల్లకి ఎక్కడికెల్తారు?'

'వారింట్లో కుళాయుందండీ.'

ఆ అబ్బాయి మంచోడే, తల దించుకొని నిలబడినాడు. రాస్తానండీ, రాసి చూస్తానండీ అన్నాడు. మేం వొచ్చీసినాం.

నెల తిరిగేసరికి తూములెట్టీసి మట్టి పోసీసినారు. ఎల్లమ్మ తట్ట బోర్లిస్తంటే నా ముకం సూడనేదు ఆ రోజు. ఆవిడ తప్పేటున్నాది? తట్టలేస్తేనే కూడు. సాయంత్రం తనే వొచ్చి, 'నీకు నీళ్లు నేను దెస్త చెల్లె, నువ్వెక్కకు' అన్నాది. అన్నట్టే, పనిలోంచి వొచ్చి, ఆ అలిసిన కాల్లతో మల్లీ కట్టెక్కి దిగి, ఓ బిందె తెచ్చిచ్చీది. మా అత్త ఒకటి, ఆవిడ ఒకటి. నన్ను ఎక్కనిచ్చీవోరు కాదు.

సావనమాసం వొచ్చినాది. రెండ్రోజులుగా జల్లు. మీ తాత పొద్దున సిప్టుకెల్లిపోనాడు. పదింటప్పుడు, నాను బియ్యంలో రాల్లేరతన్నాను, నడుంలో పొడిసినట్టయినాది. తిన్నది పడక అనుకున్నాను. ఇంకోసారి పొడిసినాది. ఇంకో పది రోజులున్నాది కదా అంటన్నాను, అత్త నా ముకం సూసి, 'రోజుల్లెక్క నీకు తెలుసు గానీ బిడ్డకి తెలుస్తాదేటే?' అని, బయటికెల్లి ఒక్క కేకేసినాది. సెప్పినాను కదా ఆవిడ నోరు. కట్ట మీద పనిసేస్తన్న ఎల్లమ్మకి ఇనపడినాది. ఇంకో ముగ్గురు ఆడోల్లని తీసుకొని దిగి వొచ్చినాది. నులక మంచం మీద నన్ను పడుకోబెట్టి, నలుగురూ నాలుగు మంచం కోల్లూ పట్టుకున్నారు. గేటు కాడికి తిరిగెల్లడానికి టైం నేదు, ఇటే ఎక్కీసి పెద్దాసుపత్రికి పోదామన్నారు.

ఆ కట్ట మీద మట్టి కొత్తది, వానకి నానిపోనాది. ఒక అడుగు ఎక్కితే రెండడుగులు జారతన్నారు. మంచం ఒక పక్కకి ఒరిగిపోతాది, నాను నులక పట్టుకొని, 'పైడితల్లమ్మా, పైడితల్లమ్మా' అంటన్నాను. ఎల్లమ్మ మోకాల్ల మీద పాక్కుంటా ఎక్కినాది, భుజం మీద మంచం కోడు. ఎలాగైతేనేం, పైకి సేరినాం. సేరి సూస్తే ఏటున్నాది? పాత లైను మీద కంకర బండి! ఈ కొసనుంచి ఆ కొసదాకా డబ్బాలే. ఆగిపోయి ఉన్నాది.

ఓర్సీరు బాబు ఛత్రి ఏసుకొని అక్కడే ఉన్నాడు. మమ్మల్ని సూసి తెల్లబోనాడు. ఇంజిను కాడికి లగెత్తినాడు. డ్రైవరు, సిగ్నలివ్వలేదు, కదపనేను అన్నాడంట. మా అత్త, 'డబ్బాల కింద నుంచి దూర్చీద్దాం, పట్టండే' అన్నాది. ఎల్లమ్మ అడ్డం నిలబడినాది. 'దూర్చినంక బండి కదిలితే? నేను పోనియ్య' అన్నాది. అప్పుడు సూసినాను, మా అత్త ఒకరి మాట ఇని నోరు మూసుకోడం. అదే మొదలు, అదే ఆకరు.

ఇంక టైం నేదు. కట్ట మీద సిమెంటు బస్తాలు తడవకుండా ఏసిన రేకుల షెడ్డుంది. అందులోకి తీసుకుపోనారు. బస్తాలు పక్కకి నెట్టీసి, గోనిపట్టాలు పరిసి, గుమ్మానికి అత్త తన పైకోక ఇప్పి అడ్డం కట్టీసినాది. ఓర్సీరు బాబు బయట అటు తిరిగి నిలబడినాడు, ఎవుల్నీ రానివ్వకుండా. ఎల్లమ్మ లోపల్నుంచి, 'సారూ, వేడి నీళ్లు గావాలె' అని అరిసినాది. ఆ వానలో, కట్ట మీద, పొయ్యెక్కడ, కట్టిలెక్కడ? ఆ అబ్బాయికే తోసినాది. బకెట్టట్టుకొని ఇంజిను కాడికి పోనాడు. బొగ్గింజిను కదా, కడుపునిండా మరిగీ నీల్లే. డ్రైవరు గొట్టం తిప్పి బకెట్టుడు నీల్లు పట్టీసి ఇచ్చినాడు. పొగలు కక్కతన్నాయి. అత్త సన్నీల్లు కలిపి... మీ అమ్మకి మొదటి తానం రైలింజిను నీల్లతోటే. నిజమమ్మా, నామీదొట్టు.

పుట్టినాది గానీ, ఏడవనేదు. మెడకి పేగు సుట్టుకున్నాది. నీలంగా ఉన్నాది. నాకు ఎవులూ సెప్పనేదు, కానీ ఆ షెడ్డులో మాట ఆగిపోతే తెలుస్తాది కదా. మొదటిసారప్పుడూ అలాగే అందరూ మాట మానీసినారు. నాను కల్లు మూసీసుకున్నాను. ఎల్లమ్మ పేగు తప్పించి, ముక్కూ నోరూ తుడిసి, కాల్లట్టుకొని తలకిందులు సేసి, అరికాల్ల మీద కొడతన్నాది, కొడతన్నాది. 'ఏడువ్ బిడ్డా, ఏడువ్' అంటన్నాది. అంతలో సిగ్నలొచ్చినట్టుంది, ఇంజిను కూతేసినాది. షెడ్డు రేకులు గడగడలాడిపోనాయి. ఆ కూత ఆగీసరికి ఈ కూత మొదలయింది. కెవ్వుమని! మా అత్త సచ్చేదాకా ఎల్లమ్మ సేతి గొప్ప అనీది. డ్రైవరేమో ఈ లైను మీద వొచ్చినప్పుడల్లా మన ఈది కాడ కూతేసి, నా కూతకే పుట్టింది ఆ పిల్ల అని అందరికీ సెప్పీవోడంట. ఎవులైతేనేటి.

మీ తాత సిప్టు దిగి ఇంటికొస్తే ఇల్లు తెరిసున్నాది, మనుషుల్నేరు, సేటలో బియ్యం అలాగే ఉన్నాది. కట్టెక్కి వొచ్చి షెడ్డు కాడ నన్నూ పిల్లనీ సూసినాడు. పిల్లనెత్తుకొని కట్ట కిందకి దిగినాడు. దిగుతుంటే కాలు జారినాది. పిల్లని గుండికి అదుంకొని, ఎనక్కి పడి, జర్రున కిందిదాకా జారిపోనాడు. పిల్లకేటీ కానేదు. ఈపంతా గీరుకుపోనాది ఆయనకి.

పురుడెల్లినాక, పేరెట్టాలంటే గొడవ. అత్త పైడమ్మ అంటాది, నాను ఎల్లమ్మ అంటాను. రెండూ కలిపి ఎల్లపైడమ్మ అని పిలిసినాం. బల్లో ఏసినప్పుడు పంతులుగారు ఇదేం పేరని శ్యామల అని రాసీసినారు. అదీ మీ అమ్మ పేరు కత.

అదే రోజుల్ల పెద్ద ఇంజనీరు వొస్తన్నాడని తెలిసినాది, లైను సూడ్డానికి. ఓర్సీరు బాబే మనిషితో కబురెట్టినాడు, ఫలానా పూట వొస్తారండీ అని. అలా సెప్పకూడదు ఆ అబ్బాయి, ఉజ్జోగానికి సేటు. కానీ సెప్పినాడు. మేమంతా కట్ట మీద నిలబడినాం. నలుగురు తోస్తంటే ట్రాలీ మీద వొచ్చినాడాయన. పెద్ద మనిషి, నెత్తి నెరిసిపోనాది, కల్లజోడు. మా అత్త పిల్లనెత్తుకొని ఎదురెల్లి, 'బాబూ, ఒక్కపాలి దిగు. నీ కట్ట మీద పుట్టిన పిల్లని సూడు' అన్నాది.

దిగినాడు. అత్త మొత్తం సెప్పినాది. ఆయన ఓర్సీరు బాబు కేసి తిరిగి, 'ఇక్కడ మనుషుల దారి ఉందని నువ్వు రాయలేదేం?' అన్నాడు. ఆ అబ్బాయి బెదరకుండా, 'రెండుసార్లు రాశానండీ' అన్నాడు. ఆయన ముకం ఎర్రబడినాది. అప్పుడు, ఎవులూ అనుకోనేదు, మీ తాత ముందుకొచ్చినాడు. ఎప్పుడూ నలుగుర్ల గొంతిప్పని మనిషి. సేతులు కట్టుకొని, 'బాబూ, నాను మగోడ్ని. రోజూ మిల్లుకి ఈ కట్టెక్కి దిగుతాను. అలాంటోడ్ని, పిల్లనెత్తుకొని జారిపోనాను. కడుపుతోటున్న మనిషి ఎలా ఎక్కుతాది?' అన్నాడు. సొక్కా పైకెత్తి ఈపు సూపించినాడు.

ఇంజనీరు ఆ ఈపు కేసి సూసినాడు. 'మనిషి నడవాలంటే ఎంతెత్తు కావాలి?' అని ఓర్సీరు బాబునడిగినాడు. 'ఐదడుగులుంటే వంగి వెళ్లిపోవచ్చండీ.' మా అత్త ఊరుకుంటాదా? 'వంగి ఎల్తే నెత్తిన బిందె ఏటవుతాది నాయనా?' అని, నన్ను పిలిసి, నెత్తిన బిందెట్టి నిలబెట్టీసినాది. అంతమంది మగోల్ల ముందు! సిగ్గుతో సచ్చిపోనాను. ఓర్సీరు బాబు టేపట్టుకొని అరికాలి కాడ్నుంచి బిందె మూతిదాకా కొలిసినాడు. అత్త, 'దానికన్నా నాను పొడుగు, ఇంకో జానెడు ఎయ్యి' అన్నాది. ఇంజనీరు నవ్వుకున్నాడు. పుస్తకంలో రాసుకున్నాడు. కడతానని మాటిచ్చినాడా అంటే, ఇవ్వనేదు. 'చూద్దాం' అని ట్రాలీ ఎక్కీసినాడు. పెద్దోల్ల సూద్దాం ఎలాంటిదో నీకు తెలుసు కదా.

దసరా ముందు ఓ పెద్ద వానొచ్చినాది. తూముల్లో తుప్పలడ్డం పడి, నీల్లు ఎనక్కి తన్ని ఈదిలోకొచ్చీసినాయి. అరుగుల దాకా. కోల్లు అటకెక్కినాయి, మేకలు మంచాలెక్కినాయి. మా అత్త తన మొర వల్లే వంతెనొచ్చిందనీది గానీ, నన్నడిగితే ఆ వానే ఎక్కువ పని సేసినాది. దీపాలపండగ ఎల్లినాక కాగితమొచ్చినాది. కట్ట తవ్వీసి, తూములు తీసీసి, రాతి గోడలు కట్టి పైన పలక ఎయ్యమని. ఎల్లమ్మ పార భుజాన్నేసుకొని వొచ్చి, 'మేమే పోస్తిమి, మేమే తీస్తున్నం, మంచిగుంది మా బతుకు' అని ఒకటే నవ్వు.

వంతెన అయినాది. మొదటి రోజు ఈది ఆడోల్లందరం బిందెలకి పసుపు రాసి బయల్దేరినాం. నాను తల వంచకుండా నడిసినాను. నెత్తిన బిందె, పైన పలక, మద్దిన జానెడు సందు. అత్త కూడా వంగకుండా ఎల్లినాది. అటు నుంచి తిరిగొచ్చీటప్పుడు తెలిసినాది తప్పు. మేం రోజూ బిందె మీద బిందె ఎట్టుకొస్తాం కదా! కొలత ఒక్క బిందెకే ఇచ్చినాం! ఎవులికీ గురుతు రానేదు, అంత సిగ్గులో నాకు అసలు రానేదు. ముందెల్లిన మనిషి పై బిందె టంగుమని పలక్కి కొట్టుకొని నీల్లన్నీ మీదే. ఓర్సీరు బాబు తల పట్టుకొని, 'ముందే చెప్పాలి కదండీ' అన్నాడు. అందుకే, సూడు, మన ఈదోల్లు ఇప్పటికీ ఒకటి నెత్తిన, ఒకటి సంకన ఎట్టుకుంటారు. మిగతా ఈదులోల్లు అలా ఎట్టుకోరు.

ఎల్లమ్మోల్ల పని అక్కడితో సరి. సీకాకోలం పక్కకి పోతామన్నారు. పొద్దున్నే గాడిదల మీద తట్టలూ గిన్నెలూ ఏసుకొని కట్ట ఎంబడి బయల్దేరినారు. ఎల్లమ్మ వొచ్చి పిల్ల నడుముకి నల్లతాడు కట్టినాది. నాను ఓ కోక ఇచ్చినాను, నా పెల్లికి పెట్టింది, ముదురాకుపచ్చది. ఒద్దన్నాది, అత్త తిట్టి ఇచ్చినాది. ఏడిసినామా అంటే, ఏడవనేదు. రోజూ పనికెల్లినట్టే ఎల్లిపోనాది. కట్ట మీద ఆకుపచ్చ మూట దూరమయీదాకా సూసినాను.

తరవాతేటి, మామూలే. కొత్త లైను మీద రైల్లొచ్చినాయి. మీ అమ్మ పెద్దదయినాది. అవతల పెద్ద బల్లో ఏసినాం. అప్పుడికి మన ఈదిలో ఆడపిల్లని అవతల బడికి పంపినోల్లు నేరు. నాను పొద్దున్నే జడలేసి, ఎర్ర రిబ్బన్లు కట్టి పంపీదాన్ని. వంతెన కింద సీకటిగా ఉంటాది కదా, అది లోపలికెల్లిపోతే కనపడదు. అవతల ఎండలోకొచ్చి రిబ్బన్లు ఎర్రగా మెరిసీదాకా నిలబడి, అప్పుడు లోపలికొచ్చీదాన్ని. పదో తరగతి దాకా, ఒక్క రోజు మానకుండా...

"మరి ఎల్లమ్మని మళ్లీ చూశావా అమ్మమ్మా?"

నేదమ్మా. సూడనేదు. ఉత్తరం రాద్దామంటే ఊరి పేరు అడగనేదు నాను, అదొక్కటే... పాలమూరంటే ఎంత పెద్దదో అప్పుడు తెల్దు, ఓ ఊరనుకున్నాను. నీకు ఆ పక్క సేయితురాల్లున్నారా, ఆ హైద్రాబాద్ల? ఉండుంటారు. ఎల్లమ్మ ఉన్నాదో నేదో గానీ, ఆవిడ పిల్లలకి పిల్లలుంటారు కదా. నీ అంత మనవరాలు ఉంటాది ఎక్కడో. సదువుకుంటన్నాదో ఏటో... సల్లగుండాలి తల్లీ ఆ పిల్ల. ఆ పిల్లా నువ్వూ, ఇద్దరూ సల్లగుండాలి. కడుపునిండా తిని, కంటినిండా తొంగుని, నూరేల్లు... లే, లే, ముకం సిన్నబోయింది, ఎప్పుడు తిన్నావో ఏటో. సోడి అంబలి ఉన్నాది, కూసింత పోస్తాను...